రెండు ఒంటికన్నులు

వేట సంఘం ఖాతాలో డబ్బు ఒక్కదానికే ఉంది.
దుకాణం వాడు రెండు పంపాడు,
వారం వాడి చూసి ఒకటి వెనక్కివ్వమని.
కార్యదర్శిని కదా, రెండూ నా మెడకే పడ్డాయి.

సారెమా దీవిలో అక్టోబరు వచ్చాక
పొద్దు చేతులు దులుపుకుని తొందరగా వెళ్ళిపోతుంది.
పందుల జ్వరం ముదిరిన ఏడాది.
అడవిలో ఒక్కటి మిగిలినా
ఊరి దొడ్లన్నీ ఖాళీ అవుతాయని
పశువైద్యుడు మూడు కాగితాలు పంపాడు.
అందుకే దుంపల చేను గట్టున
ఎండెల్, నేను, ఒక దుప్పటి.

మొదటిది చవక. సబ్బుబిళ్ళంత తేలిక.
బొమ్మలో వరసకి మూడువందల ఎనభై నాలుగు చుక్కలు.
బ్యాటరీ తెల్లవార్లూ ఉంటుంది.
ఒకటే చిక్కు: ఉండుండి టక్కుమని రెప్ప వేస్తుంది,
బొమ్మ గడ్డకడుతుంది.
ఆ టక్కుకి ఇరవై గజాల్లో కుందేలు చెవి తిప్పింది.

రెండోది ఆరువందల నలభై చుక్కలది.
ధర చెబితే సంఘం జీపు సిగ్గుపడుతుంది.
బరువుకి మెడ నరం లాగుతుంది.
చలికి మూడు గంటల్లో బ్యాటరీ చేతులెత్తేస్తుంది,
జేబులో ఇంకోటి, కోడిగుడ్డులా పొదుగుతూ ఉండాలి.

ఎండెల్‌కి డెబ్బై ఆరు. చెవితో వేటాడినవాడు.
పంది దుంప కొరికిన చప్పుడుకి
గట్టి దుంపో కుళ్ళిందో చెప్పేస్తాడు.
"గుడ్డికన్నా మెల్ల మేలు. చవకది కొనెయ్ విర్వె,
మిగిలిన డబ్బుతో పొయ్యిగొట్టం బాగుచేయిద్దాం."

నేను రాసుకుంటున్నాను, మోకాలి మీద నోటుబుక్కు:
మధ్యాహ్నపు ఎండ ఇంకా దాచుకున్న బండరాయి, రెంటిలోనూ తెల్లగా.
ఆవుపేడ, చవకదాంట్లో నక్క.
నక్క, చవకదాంట్లో ఆవుపేడ.
పొగమంచు దిగితే రెండూ ఒకటే, పాల మీద మీగడ.

పదకొండు దాటాక చేను నడుమ వెచ్చటి ముద్ద.
మూడువందల గజాలు. చాళ్ళ మధ్య ఒంగి, కదలక.
చవకది ఎండెల్ చేతిలో ఉంది.
"పంది. ఒంటరిది. ముట్టె నేలలో పెట్టింది."
తుపాకీ అప్పటికే భుజానికి ఆనించాడు.
నేను బరువుదాన్ని కంటికి ఎత్తాను,
మరలు తిప్పాను,
టక్కుమన్నది చవకది, ఎండెల్ విసుక్కున్నాడు,
ఆ విసుగంత సేపే నాకు దొరికింది.

ముద్దకి మోకాళ్ళు ఉన్నాయి.
మోకాళ్ళ మీద చేతులు.
చేతుల మధ్య, ముఖంకన్నా తెల్లగా,
ఒక కప్పు.

సాల్మె.
నిరుటిదాకా ఈ చేను ఆమెదే.
ఆగస్టులో ఆమె కొట్టంలో నలభై పందుల్ని
తెల్లదుస్తుల వాళ్ళు ఒక్క పూటలో ముగించారు.
నేనే సంతకం పెట్టాను, సాక్షిగా.
కప్పు పైకి లేచింది, దిగింది.
టీ అయి ఉంటుంది. అంత వేడిగా తాగుతుందని
పక్కింట్లో ముప్ఫై ఏళ్ళుండీ నాకు తెలియదు.

నేను ఎండెల్ మోచేతిని పట్టుకున్నాను.
దుర్భిణి అందించాను. చూశాడు. చాలాసేపు చూశాడు.
తూటా తీసి జేబులో వేసుకున్నాడు,
తాళాలకి తగిలి అది చిన్నగా మోగింది.
ఇద్దరం పిలవలేదు. ఏమని పిలుస్తాం?
లేచి, వంగి, మేమే పందుల్లా వెనక్కి నడిచాం.

గేటు దగ్గర అతను ఆగి కర్ర పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.
అతను వెళ్ళాక చూశాను:
కర్ర మీద అయిదు వేళ్ళూ వెలుగుతున్నాయి,
బొటనవేలు వణికిన చోట అలికినట్టు.
చూస్తుండగానే చిటికెనవేలు ముందు ఆరిపోయింది.

శనివారం సమావేశంలో ధర విని అందరూ ఈల వేశారు.
ఎండెల్ ఒక్కడే చెయ్యెత్తాడు, బరువుదానికి,
పొయ్యిగొట్టం మాటే ఎత్తలేదు.
నివేదికలో 'ఎంపికకు కారణం' అని ఒక గడి ఉంది.
ఇరుకు గడి. కలం చాలాసేపు పట్టుకుని
చివరికి రాశాను:

కప్పు కనిపిస్తుంది.